గిర్నిలో కాఫీ

మున్సిపల్ ఎన్నికల్లో తమ వార్డు ఈసారి ఆడవాళ్లకు రిజర్వయిందని తెలిసిన రోజు మధుసూదన్ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఆ వార్డు మీద ఆశతో ఏళ్ల తరబడి ఎవరింట్లో పెళ్లయినా ముందు వరసలో నిలబడ్డాడు. ఎవరింట్లో చావయినా ఐసుపెట్టె తానే తెప్పించాడు. వాడవాడకూ గణపతి చందా రాశాడు. తీరా ఇప్పుడు ఇలా అయింది. ఆడమనిషిగా పుట్టనందుకు సిద్దిపేటలో ఒక మగవాడు బాధపడటం బహుశా అదే మొదలు.

తన బోరు మోటార్ల దుకాణంలో సాయంత్రం దాకా దిగాలుగా కూర్చుని, కాస్త తేరుకుని ఇంటికి వచ్చాడు. భార్య స్వరాజ్యం వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"స్వరాజ్యం, పార్టీ టికెట్ నీకు అడుగుతున్న," అన్నాడు.

"నాకెందుకు?"

"నీకు గాదే. నీ పేరుకు. గెలిచినంక నువ్వు సంతకం పెట్టు, మిగిలిందంత నేను జూసుకుంట."

"గా సంతకం గూడ మీరే పెట్టుకోరాదుండ్రి?"

"గది కుదరదట. అడిగిన," అన్నాడు మధుసూదన్ నిజాయితీగా.

స్వరాజ్యం చిక్కుడుకాయల వైపు తిరిగింది. ఇంట్లో చాలా విషయాలు ఆమె పేరు మీదే ఉన్నాయి. ప్లాటు, గ్యాసు కనెక్షన్, దుకాణం లైసెన్సు. వార్డు కూడా ఉంటే వచ్చే నష్టమేమీ ఆమెకు కనిపించలేదు.

చిక్కంతా సామ్యూల్ సారుతో వచ్చింది. టికెట్ ఎవరికివ్వాలో తేల్చడానికి పార్టీ హైదరాబాద్ నుంచి పంపుతున్న పెద్దమనిషి ఆయన. అడిగినవాళ్ల ఇళ్లకు తానే వెళ్లి కూర్చుంటాడట. ఫిల్టర్ కాఫీ తప్ప తాగడట. గజ్వేల్‌లో ఒకరింట్లో చాయ్ ఇస్తే గిలాస ముట్టకుండా లేచిపోయాడనీ, పక్కింట్లో కాఫీ మళ్లీ అడిగి తాగి టికెట్ వాళ్లకే ఇచ్చాడనీ బస్టాండు దగ్గర చెప్పుకుంటున్నారు. అదే వార్డుకు తన భార్య బాలమణి పేరిచ్చిన సిమెంటు దుకాణం మహేందర్ అప్పుడే కాఫీ మిషన్ కొన్నాడని కూడా చెప్పుకుంటున్నారు.

"నువ్వు కాఫీ పెట్టు, చూద్దాం," అన్నాడు మధుసూదన్.

స్వరాజ్యం చాయ్‌కి వాడలో పేరుంది. ఆ ధీమాతోనే గిన్నెలో నీళ్లు పోసి, అల్లం దంచి వేసి, రెండు యాలకులు చిదిమి, చక్కెర, కాఫీ పొడి, పాలు వేసి మూడు పొంగులు రానిచ్చి వడగట్టింది. మధుసూదన్ ఒక గుక్క తాగి గిలాస కింద పెట్టాడు.

"గిది కాఫీ గాదు. వేషం మార్చుకున్న చాయ్."

"కాఫీ గింతకంటె ఎట్లుంటది?"

"ఎట్లుంటదో నాకూ ఎర్కలే. గని గిట్ల మాత్రం ఉండదు. నువ్వు పక్కకు జరుగు."

పెళ్లయిన ఇన్నేళ్లలో మంచినీళ్లకు కూడా వంటింట్లోకి రాని మనిషి ఆ రోజు పొయ్యి ముందు నిలబడ్డాడు. ఇక కదల్లేదు.

ముందు హైదరాబాద్ నుంచి ఇత్తడి ఫిల్టర్ తెప్పించాడు. ఒక డబ్బా మీద ఇంకో డబ్బా, పై డబ్బాకు అడుగున సన్నటి తూట్లు. పైన పొడి వేసి వేడినీళ్లు పోస్తే కింద డబ్బాలోకి డికాషన్ దిగాలి. రోజంతా ఫోన్లో వీడియోలు చూశాడు. పొడి కొంటే వాసన పోతుందనీ, గింజలు కొని అప్పటికప్పుడు పట్టించుకోవాలనీ ఎవరో చెప్పారు. గింజలు తెప్పించి మిక్సీ తియ్యబోయాడు.

"నా మిక్సీ ముట్టకుండ్రి," అంది స్వరాజ్యం. "దాంట్ల అల్లమెల్లిపాయ నూరుత. మీ సారుకు గది పోస్తరా?"

మధుసూదన్ ఆలోచించాడు. పట్టించడం అనే మాట వినగానే సిద్దిపేట మనిషికి తోచేది ఒకటే చోటు. గింజల సంచీ బండి మీద పెట్టుకుని నేరుగా భూమయ్య గిర్నికి పోయాడు.

గిర్నిలో రెండు మిషన్లు. ఒకటి కారానికీ పసుపుకీ, ఇంకొకటి పిండికి. భూమయ్య గింజలను అరచేతిలో పోసుకుని వాసన చూసి, "ఏంది పటేలా గివి? మాడిన చింతగింజలా?" అన్నాడు.

"కాఫీ. మెత్తగ పట్టు."

"పిండి మిషన్ల గింత రంగుది ఎయ్య. కారం దాంట్ల ఏస్త," అన్నాడు భూమయ్య. వేశాడు.

మర్నాడు మధుసూదన్ తన వెంట తిరిగే పార్టీ మనుషులను పిలిచి వరసగా కూర్చోబెట్టి తలా ఒక కప్పు ఇచ్చాడు. తాగినవాళ్లు ముందు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఒకడు దగ్గాడు. ఆ దగ్గు వరసలో చివరి దాకా పాకింది. కళ్లు తుడుచుకుంటూ ఒక పెద్దాయన, "మస్తు స్ట్రాంగున్నదన్నా," అని లేచి, నల్లా దగ్గరికి పరుగెత్తాడు. కార్యకర్త అన్నవాడు నాయకుడి ఇంట్లో కాఫీ బాగాలేదని అనడు. స్వరాజ్యం మాత్రం వేలితో అద్దుకుని చూసి, "ఇగ దీంట్ల ఉప్పేస్తే మామిడికాయ తొక్కు వెట్టొచ్చు," అంది.

మధుసూదన్ వెనక్కి తగ్గలేదు. తెల్లారి మళ్లీ గిర్నికి పోయి, భూమయ్య వద్దు వద్దంటున్నా వినకుండా పిండి మిషన్లోనే పోయించాడు. ఈసారి కారం లేదు. కానీ పొడి ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా వచ్చింది. ఫిల్టర్లో వేసి నీళ్లు పోస్తే చుక్క దిగలేదు. తూట్లన్నీ మూసుకుపోయాయి.

"గాలి వట్టింది," అన్నాడు మధుసూదన్. జీవితమంతా బోరు మోటార్లతో గడిపినవాడు, నీళ్లు రావట్లేదంటే ఆయనకు వేరే కారణం తెలియదు. "జర కొట్టాలె. అంతే."

దుకాణం నుంచి సైకిల్ పంపు తెచ్చి, మూతకు గొట్టం బిగించి, ఫిల్టర్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని గాలి కొట్టాడు. మొదట కింద డబ్బాలో రెండు చుక్కలు పడ్డాయి. "వస్తున్నది! సూస్తున్నవా?" అని కేక పెట్టి ఇంకోసారి గట్టిగా కొట్టాడు. మూత లేచి సీలింగుకు తగిలింది. దాని వెనకే డికాషన్ లేచి సీలింగుకూ, గోడకున్న క్యాలెండర్‌కూ, మధుసూదన్ తెల్ల చొక్కాకూ సమానంగా తనను తాను పంచుకుంది. ఆ చొక్కా సామ్యూల్ సారు వచ్చిన రోజు వేసుకుందామని ఇస్త్రీ చేయించి పెట్టుకున్నది. ఊరికే ఒకసారి తొడిగి చూసుకున్నాడు, అంతే.

"కాలిందా?" అంది స్వరాజ్యం కంగారుగా.

పెదాల మీద పడ్డదాన్ని మధుసూదన్ నాలుకతో చూశాడు. "రుచి వచ్చింది," అన్నాడు.

గోడ తుడుస్తుండగానే గేటు చప్పుడయింది. వెనక వాడ పోచవ్వ ఒక గిన్నెతో, కింది ఇంటి సౌమ్య ఒక పళ్లెంతో, వాళ్ల వెనక ఇంకా కొందరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"బిడ్డా, గిది జూడు," అని పోచవ్వ గిన్నె ముందుకు చాపింది. అందులో జొన్న పిండి ఉంది. అది విభూతి రంగులో ఉంది. "మీ ఆయన గిర్ని పట్టిచ్చి పోయినంక నాది పట్టిండు. రొట్టె చేస్తే మా ముసలోడు తిన్నడు. గప్పటిసంది పండుకుంటలేడు. రోజు పగటీలి పండేటోడు, ఇయ్యాల కుసొని నాకు కూర ఎట్ల వండాల్నో చెప్తుండు."

పోచవ్వ భర్త సిద్ధయ్య మంచం దిగి ఎరగడు. సంగతి తీవ్రమైందే.

"అక్కా, మా చెల్లె ఒడిబియ్యానికి సకినాలు," అంది సౌమ్య. పళ్లెంలో బియ్యప్పిండి సకినాలు మట్టిగాజుల్లా ఉన్నాయి. "మా అత్త నేనే మాడగొట్టిన్నని అంటున్నది. నూనెలకు ఎయ్యకముందే గిట్లున్నయని ఎంత చెప్పినా ఇంటలేదు."

స్వరాజ్యం లోపలికి చూసింది. మధుసూదన్ వంటింటి తలుపు వెనక నిలబడి, వచ్చినవాళ్లను పంపెయ్యమని చేత్తో సైగ చేస్తున్నాడు.

"మీరొచ్చి మాట్లాడుండ్రి. ఓట్లు ఏసేటోళ్లు వీళ్లే," అంది మెల్లిగా.

"నేనిప్పుడు డికాషన్ మీదున్న. నువ్వే ఏదో ఒకటి జెప్పు."

ఏదో ఒకటి చెప్పి పంపడం స్వరాజ్యానికి చేతకాదు. పాడైన పిండికి పిండి ఇవ్వాలన్నది ఆమె లెక్క. భూమయ్యతో మిషన్ కడిగించి, కొత్త జొన్నలు, బియ్యం పట్టించి, సంచీలు కట్టుకుని తానే ఇంటింటికీ బయలుదేరింది.

పోచవ్వ ఇంటి ముందు ఒక కాలు మురుగునీళ్ల మోరిలో పడింది. మోకాలి దాకా దిగబడింది. పిండి సంచీ మాత్రం నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంది, దాన్ని పడనివ్వలేదు. పోచవ్వ, మంచం మీది సిద్ధయ్య కలిసి ఆమెను బయటికి లాగారు. సిద్ధయ్య ఇంకా నిద్రపోలేదు కాబట్టి మనిషి సాయానికి దొరికాడు.

"మోరి మీద బండేది, అవ్వా?"

"నీళ్ల ట్యాంకరు ఎక్కి వలిగింది బిడ్డా. మొన్న మా మేక గూడ గిట్లనే వడ్డది."

"ఎవలికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలే! మీ ఆయనకు చెప్పినం. సూస్తనన్నడు."

స్వరాజ్యం కాలు కడుక్కుని, అక్కడే గడప మీద కూర్చుని మున్సిపాలిటీకి ఫోన్ చేసింది. అవతలి మనిషి తమకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరు మనుషులు వచ్చి చూసి, తర్వాతి రోజు బండలు వేశారు. వేస్తున్నంతసేపూ స్వరాజ్యం పక్కన నిలబడింది. అయ్యాక పోచవ్వ ఆ బండ మీద అటూ ఇటూ నడిచి చూపించింది. మేకను కూడా నడిపించింది.

అంత చిన్న పని. ఒక ఫోన్. దానికి ఇంతకాలం వాడంతా "మధుసూదన్ సార్ చూస్తనన్నడు" అని మోరి అంచున నడుస్తోంది. ఆ సంగతి ఇంటికొచ్చేదాకా స్వరాజ్యం మనసులో తిరిగింది.

తర్వాతి రోజుల్లో సంచీలు అయిపోయినా ఆమె తిరుగుడు ఆగలేదు. ఒకరు వీధి లైటు చూపించారు, ఒకరు నల్లాలో మట్టి నీళ్లు చూపించారు. కొన్ని పనులు అయ్యాయి, కొన్ని కాలేదు. కానివి ఎందుకు కాలేదో తిరిగి వెళ్లి చెప్పింది. ఇదివరకు ఆమెను "మోటార్ల సేటు భార్య" అనేవాళ్లు. ఇప్పుడు "స్వరాజ్యమక్క ఏది?" అని గేటు దగ్గర అడుగుతున్నారు. ఒకరోజు జడ వేసుకుంటూ అద్దంలో తనను తాను చూసుకుని, ఈ పని నాకు కావాలి అనుకుంది. పేరుకు కాదు. పనికే. అనుకున్నాక భయమేసింది, ఎందుకంటే ఆ పని ఇంట్లో ఇంకొకరిదని అప్పటికే తీర్మానమైపోయింది.

ఆ ఇంకొకాయన ఈలోగా గిర్నిని వదిలేసి చేత్తో తిప్పే చిన్న మర కొన్నాడు. పొడి బొంబాయి రవ్వలా ఉండాలని కనిపెట్టాడు. నీళ్లు మసలుతున్నప్పుడు పొయ్యకూడదు, దించి కాస్త ఆగాలి. పొడిని ముందు కొంచెం నీళ్లతో తడిపి నానబెట్టాలి. బర్రెపాలు చిక్కన కాబట్టి మీగడ తీసి పలచన చెయ్యాలి. దుకాణానికి వచ్చిన రైతులకు మోటారు సంగతి పనివాడు చెప్తుంటే, మధుసూదన్ మర తిప్పుతూ పాల సంగతి చెప్పాడు. కాఫీ నిజంగానే బాగుండసాగింది. ఇంటికి వచ్చినవాళ్లు దగ్గడం మానేశారు. కొందరు పని లేకపోయినా రాసాగారు.

సామ్యూల్ సారు వస్తున్న పొద్దున భార్యను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఆయన ఏదడిగినా 'మా ఆయనకు ఎర్కె సార్' అను. నవ్వు. మల్ల ఏం మాట్లాడకు."

"నాకు ఎర్కున్నది అడిగితే?"

"అప్పుడు గూడ గదే అను. అలవాటైతది."

సామ్యూల్ సారు సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. లోపలికి వస్తూనే గాలి పీల్చి, "అబ్బ, డికాషన్ వాసన," అన్నాడు. మధుసూదన్ పళ్లెం పట్టుకుని వచ్చిన తీరు చూస్తే స్వరాజ్యానికి తన పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. తల కూడా అలాగే కాస్త వంచాడు.

సారు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "ఎవరు చేసిన్రు?"

"నేనే సార్," అన్నాడు మధుసూదన్. ఇంకా అడగకముందే మరా, మీగడా, నానబెట్టడం అన్నీ చెప్పాడు. సారు కూడా ఎదురు ప్రశ్నలు వేశాడు. సిద్దిపేటలో తన మాట అర్థమైన మొదటి మనిషి దొరికినందుకు మధుసూదన్ నానబెట్టడం సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

కప్పు ఖాళీ అయ్యాక సామ్యూల్ సారు స్వరాజ్యం వైపు తిరిగాడు. "అమ్మా, మీ వెనక వాడల మోరీలు ఎట్లున్నయి?"

"మా వార్డు మోరీలు ఫస్ట్ క్లాస్ సార్," అన్నాడు మధుసూదన్. "ఒక్క ఫిర్యాదు లేదు."

సారు ఆయన వైపు చూడలేదు. స్వరాజ్యం వైపే చూస్తున్నాడు. మధుసూదన్ సారు భుజం మీదుగా ఆమెకు నవ్వమని సైగ చేశాడు. నవ్వితే సరిపోతుంది. నవ్వితే టికెట్ ఇంటికొస్తుంది, సంతకం ఆమెది, మిగిలిందంతా ఆయనది. స్వరాజ్యం చేతిలో కొంగు నలిగింది.

"బండ వలిగి ఉండె సార్," అంది. "నేనే పడ్డ దాంట్ల. చెప్తే ఏసిన్రు. గని చివర్ల వాలు సరిగ లేదు, వానొస్తే నీళ్లు మల్ల ఇండ్లలకే వస్తయి. గది పెద్ద పని. ఇంకా కాలే."

మధుసూదన్ సైగ చేస్తున్న చెయ్యి దించాడు.

"మహేందర్ గారింట్ల కూసొని వస్తున్న," అన్నాడు సామ్యూల్ సారు. "మేడమ్‌ను ఏమడిగినా ఆయనే చెప్పిండు. ఆమె పేరు అడిగితే గూడ ఆయనే చెప్పిండు. మీరు గెలిస్తే పని ఎవరు చేస్తరమ్మా?"

"నేనే చేస్త సార్." గొంతు తాననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. గేటు దగ్గర ఆగి వింటున్న సౌమ్యకు కూడా వినిపించింది.

"మరి మీ సారు?"

స్వరాజ్యం భర్త వైపు చూసింది. పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, చొక్కా మీద పొడి మరకతో నిలబడి ఉన్నాడు. తనను పనిలోంచి తీసేశారా పెట్టుకున్నారా తేల్చుకోలేని మనిషిలా ఉన్నాడు. జాలేసింది. అబద్ధం కూడా చెప్పలేకపోయింది.

"వచ్చినోళ్లకు కాఫీ పెడ్తడు సార్. ఆయన కాఫీ తాగినంక ఎవలూ కోపంగ మాట్లాడుతలేరు."

సామ్యూల్ సారు పెద్దగా నవ్వాడు. "గట్లయితే ఇంకో కప్పు తెమ్మనుండ్రి," అన్నాడు. మధుసూదన్ ఏదో అనబోయి, ఆ మాట చెవినపడగానే కాళ్లు వంటింటి వైపు తిరగడంతో అనకుండానే వెళ్లిపోయాడు.

టికెట్ వచ్చిందని ఫోన్ ఆ సాయంత్రమే వచ్చింది. మధుసూదన్ దండలు తెప్పించాడు, మిఠాయి పంచాడు, అందరితో నవ్వుతూ మాట్లాడాడు. భార్యతో మాత్రం మాట్లాడలేదు. అన్నం తిన్నాక ఆగలేక, "నన్ను గంత మనిషి ముందు హోటలోన్ని చేసినవు," అన్నాడు.

"మీరు నన్ను ఉత్త సంతకాన్ని చేసిన్రు గదా," అంది స్వరాజ్యం.

మధుసూదన్ మరను దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు మరను విప్పి తుడుస్తూ కూర్చున్నాడు. తుడవడం అయ్యాక, ఎటో చూస్తూ, "గా చివర్ల వాలు సంగతి, లెవెల్ పైపు పెట్టి చూస్తే తెలుస్తది. నా దుకాణంల ఉన్నది. గావాల్నంటే తీస్కపో," అన్నాడు.

"గావాలె," అంది స్వరాజ్యం.

తెల్లవారి ప్రచారానికి పోచవ్వ, సౌమ్య, ఇంకా వాడ ఆడవాళ్లు గేటు ముందుకు వచ్చేశారు. స్వరాజ్యం చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే మధుసూదన్ పొగలు కక్కే కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఇన్ని రోజుల్లో ఆమె కోసమని చేసింది అదే మొదటిది. ఆమె నిలబడే ఒక గుక్క తాగింది. ముఖం వంకర పోకుండా చూసుకుంది కానీ పూర్తిగా కుదరలేదు.

"ఎట్లున్నది?"

"చేదుగున్నది."

"గట్లనే ఉండాలె!"

"ఉండనీయుండ్రి. నాకు చాయ్ గావాలె. రేపటిసంది పొద్దుగాల చాయ్ తాగి పోత. పెడ్తరా?"

మధుసూదన్ ముఖంలో కొత్త వెలుగు వచ్చింది. చెయ్యి అప్పటికే జేబులో ఫోన్ కోసం వెతుకుతోంది. "చాయ్ పత్తా ఎన్ని రకాలుంటయో తెల్సా నీకు? అస్సాంది వేరు, నీలగిరిది వేరు. నీళ్లు గూడ..."

"అల్లం దంచుండ్రి. గంతే," అని స్వరాజ్యం చెప్పులు వేసుకుంది.

గేటు దాటుతుండగా లోపలి నుంచి కేక వినిపించింది. "దంచాల్నా, తురమాల్నా?"

"అక్కా, నడువు, పొద్దు పోతున్నది," అంది సౌమ్య. స్వరాజ్యం తిరిగి చూడకుండా నడిచింది.